రోసెటా పినక్ ఇంటి ఫలకం

కింగ్‌స్టన్
మార్చి 2, 1987

వినీ,

గెలిచాం. ఎవరికీ చెప్పకముందు నీకే రాస్తున్నాను. నువ్వుండే కొండమీదికి టెలిఫోను తీగ ఎప్పుడొస్తుందో ఆ శాఖ మంత్రికే తెలియదు కాబట్టి తపాలావాడే గతి.

రెండేళ్లు, ముప్ఫై ఒక్క వ్యాసాలు, ఎడిటర్‌తో నాలుగు పోట్లాటలు. చివరికి కట్టడాల కమిటీవాళ్లు దిగొచ్చారు. ఫాల్మత్‌లో మా రోసెటా ఇల్లు ఇకమీదట జాతీయ కట్టడం. ఆగస్టు ఒకటిన గోడకి కంచు ఫలకం బిగిస్తారు. దానిమీది మాటలు రాసిపెట్టమని నన్నే అడిగారు.

ఆగస్టు ఒకటే కావాలని పట్టుబట్టిందీ నేనే. మన ముత్తాతల సంకెళ్లు తెగిన రోజది. మన చిన్నప్పుడు ఆ రోజు బడికి సెలవు, గుర్తుందా? స్వాతంత్ర్యం వచ్చాక మన సొంత ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. దొరల కాలంలో ఉన్న సెలవు మనవాళ్ల కాలంలో పోయింది! దీనిమీద ఏటా రాస్తాను, ఏటా ఎవడూ పట్టించుకోడు.

హోటళ్లలో పర్యాటకులకి పంచే కాగితం చూశావా? 'జమైకాలో తప్పక చూడవలసిన ఇళ్లు' అట. పద్నాలుగు. పద్నాలుగూ చెరకు తోటల దొరలవే. ఒకదాని పేరు పేషెన్స్ హాల్. సహనం! ఎవరి సహనమమ్మా? కొరడా పట్టినవాడిదా, వీపు చూపించినవాడిదా? ఇప్పుడక్కడ పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఆ పద్నాలుగింటి పక్కన పదిహేనోదిగా మా ఇల్లు నిలబడుతుంది. బానిసగా పుట్టి, అల్లం రొట్టెలు కాల్చి అమ్మి, 1809లో తన్ను తాను కొనుక్కుని, ఆ తరవాత రెండంతస్తుల రాతి ఇల్లు లేపిన ఆడది. మా తాతకి తాత తల్లి.

అందుకని ఒక ఆలోచన. 21, 22 తేదీలు శని ఆదివారాలు. నువ్వు బస్సులో ఇక్కడికి దిగు. నా లాడా కారులో పోదాం. శనివారం పేషెన్స్ హాల్ చూసి కడుపు మండించుకుందాం. ఆదివారం ఫాల్మత్ వెళ్లి చల్లార్చుకుందాం. ఇరవయ్యారేళ్లు స్పానిష్ టౌన్ రికార్డాఫీసులో చెదలు కొట్టిన పుస్తకాలకి కట్లు కట్టావు, రిటైరయ్యావు, ఇక మేకల వెనక తిరిగింది చాలు. యాభై ఏళ్ల స్నేహంలో మనిద్దరం కలిసి ఒక్క విహారయాత్రకైనా వెళ్లామా?

మింబాలాగా నానబెట్టకుండా వెంటనే జవాబు రాయి.

గెలిచిన పొగరుతో,
సిల్


మిల్‌బ్యాంక్, పోర్ట్‌లాండ్ కొండలు
మార్చి 9

సిల్,

సంతోషం. నీ పొగరు కవరులోంచి పొంగి తపాలావాడి చేతికి కూడా అంటింది.

వస్తాను. కానీ ఆ లాడా నీ వ్యాసంలాంటిది, ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు. ఎత్తు ఎక్కేచోట దిగి తొయ్యమంటే తొయ్యను, ముందే చెబుతున్నా. మోకాళ్లు పోయాయి. రొట్టె, వేయించిన చేప నేను తెస్తాను. దారిలో నువ్వు కొనేవి తింటే మళ్లీ నీకే కడుపునొప్పి.

ఒక్క మాట వింటావా? ఫలకం మీది మాటలు అప్పుడే పోతపోసేవాడి చేతికివ్వకు. ముందు ఇల్లు చూద్దాం. కాగితం అయితే చింపొచ్చు, కంచుని చింపలేం.

ఇంకోటి. మీ ఇంట్లో మీరంతా 'మింబా' అంటారే, బద్ధకంగా ఉన్నవాళ్లని, పిలిస్తే పలకనివాళ్లని. ఇన్నేళ్లలో మరే ఇంట్లోనూ ఆ మాట వినలేదు. మీకెక్కడినుంచి వచ్చింది? ఊరికే అడుగుతున్నా.

వినెట్


కింగ్‌స్టన్
మార్చి 24

వినెట్ స్టెర్లింగ్‌కి,

నువ్వు చేసిందేమిటో నీకే చెబుతాను. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు వరసగా చెబుతాను, తప్పుంటే దిద్దు.

శనివారం పేషెన్స్ హాల్‌లో ఆ గైడు పిల్ల పాతకాలపు కుచ్చుల గౌను వేసుకుని, అద్దంలా మెరిసే చెక్కనేల మీద నిలబడి, 'ఈ ఇంట్లో పనివాళ్లని దొరగారు కన్నబిడ్డల్లా చూసుకునేవారండీ' అంది. 'కన్నబిడ్డల్ని ఎంతకి అమ్మాడమ్మా మీ దొరగారు?' అని నేనడిగాను. పర్యాటకులంతా నోళ్లు తెరిచారు. నువ్వు రుమాలు నోట్లో కుక్కుకుని నవ్వావు. బయటికొచ్చాక 'ఆ పిల్ల ఉద్యోగం ఊడుతుందే, కాస్త మెల్లిగా' అన్నావు. నా చెయ్యి పట్టుకుని నడిచావు. ఆ చేతికి వేలాడుతున్న సంచిలో అప్పటికే ఆ కాగితం ఉంది.

మర్నాడు ఫాల్మత్. ఆ ఇంట్లో ఉండే మెర్టిస్ అత్తయ్య, మా నాన్న అక్క, చర్చికెళ్లింది. మేడమీద వెనకగదిలో, కిటికీ దగ్గర నిలబడి, ఫలకం మాటలు నీకు చదివి వినిపించాను. 'ఒకరికి లొంగని, ఒకరిని లొంగదీయని స్వేచ్ఛా స్త్రీ ఇల్లు' అని. సంచి తెరిచి, మడత కాగితం తీసి నా చేతిలో పెట్టావు. నీ గుండ్రటి చేతిరాత.

'రోసెటా పినక్, స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ, ఫాల్మత్. 1817 జూన్ 28 నాటికి ఆమె సొంతమైన బానిసలు: గ్రేస్, 60. హెక్టర్, 40. మింబా, 26, ఆఫ్రికాలో పుట్టినది. ప్రూడెన్స్, 19. జూబా, 6, మింబా కూతురు.'

నిన్ను ఏమేమో అన్నాను. అవి మళ్లీ రాయను. కారెక్కి నిన్ను ఆ ఊళ్లో వదిలేసి వచ్చేశాను. అది తప్పే. క్షమించమని మాత్రం అడగను, ఎందుకంటే నువ్వు చేసింది అంతకంటే పెద్దది.

ఏ రోసెటా పినక్? ఈ దీవిలో ఒక్కతే ఉందా ఆ పేరుతో? నీకు ఎప్పటినుంచి తెలుసు? నాకు ఉత్తరాలు రాసే పాఠకుల్లో సగంమంది ఆమె పేరు కూతుళ్లకి పెట్టుకున్నారని తెలిసీ, ముప్ఫై ఒక్క వ్యాసాలు ఒక్కొక్కటే అచ్చవుతుంటే చూస్తూ కూర్చున్నావా?

ఐసిల్డా పినక్


మిల్‌బ్యాంక్
ఏప్రిల్ 3

సిల్,

నాలుగు మినీబస్సులు మారి ఇల్లు చేరాను. పోర్ట్ మరియా దాకా ఒకావిడ ఒళ్లో కోడిపుంజు నా చెవి పొడుస్తూనే ఉంది. దానికీ నీలాగే కోపం.

తొమ్మిదేళ్లనుంచి తెలుసు. ఆ బానిసల లెక్కల పుస్తకం వెన్ను ఊడిపోతే బాగుచేయడానికి నా బల్లమీదికి వచ్చింది. అట్ట కుడుతూ పేజీలు తిప్పుతుంటే మీ పేరు కనబడింది. ఆ వారమే మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన చివరి రోజుల్లో మాట్లాడింది రోసెటా గురించే కదా? 'నా తల్లీ, మనం ఎవరి కిందా లేము, ఎవరినీ కింద పెట్టలేదు' అని నీ చెయ్యి పట్టుకుని చెబుతుంటే నేను మంచానికి ఇటుపక్క నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పనా? తరవాత నువ్వు ఆమెని తలుచుకుని రాసిందల్లా నిటారుగా నిలబడి రాసినట్టుండేది. అప్పుడు చెప్పనా? ఒక్కసారి చెప్పకుండా ఊరుకుంటే, రెండోసారి ఊరుకోవడానికి ఏ కష్టమూ ఉండదు. ఆ తప్పు నాదే.

కంచు అన్నావు. ఇక ఆగలేకపోయాను.

వేరే రోసెటా పినక్ కాదు. ఇల్లున్న వీధి పేరు కూడా రాసి ఉంది.

ఇప్పుడు ఆవేళ నేనడిగిన ప్రశ్నకి వస్తాను. మింబా అంటే శనివారం పుట్టిన ఆడపిల్ల. వాళ్లు ఆఫ్రికానుంచి తెచ్చుకున్న పేర్లవి, జూబా అంటే సోమవారం పుట్టింది. పేరు, సిల్. తిట్టు కాదు. మీ ఇంట్లో నీళ్లు తేవడానికి ఆలస్యమైనా, పిలుపు వినపడకపోయినా 'మింబా' అంటారు. మీ నాన్న నిన్నన్నాడు, నువ్వు నన్నంటావు. నూట డెబ్భై ఏళ్లుగా ఒకే మనిషిని మీ ఇంటిల్లిపాదీ విసుక్కుంటున్నారు.

మా వాళ్ల సంగతి అడగకు. వాళ్లు ఆ పుస్తకాల్లో ఏ దొర పేరు కింద ఉన్నారో కూడా నాకు దొరకలేదు.

వినీ


కింగ్‌స్టన్
ఏప్రిల్ 8

వినీ,

నిన్న ఆఫీసులో ఒక పిల్ల ప్రూఫులు తేవడం ఆలస్యమైతే నా నోట ఆ మాట రాబోయింది. పళ్లతో నాలుక పట్టుకున్నాను. నెత్తురొచ్చింది, నిజంగా.

కానీ విను. ఆలోచించాను. స్వేచ్ఛ సంపాదించుకున్నవాళ్లు తమవాళ్లని కొనుక్కునేవారు. అమ్మని, అక్కని, బిడ్డని. విడిపించే స్తోమత ఉన్నా చట్టం సవాలక్ష అడ్డంకులు పెట్టేది. అందుకని కాగితం మీద బానిసలు, ఇంట్లో మనుషులు. రోసెటా కూడా అలాగే కొని ఉంటుంది. గ్రేస్‌కి అరవయ్యేళ్లు. అరవయ్యేళ్ల ముసలిదాన్ని ఎవరైనా పనికోసం కొంటారా? తల్లి అయ్యుంటుంది! మింబా, ఆమె కూతురు ఏ తోటకో పోకుండా కాపాడి ఉంటుంది. తనే ఆ బాధ పడ్డ మనిషి. వాళ్లని కన్నబిడ్డల్లా చూసుకుని ఉంటుంది.

రుజువు తెస్తాను. పండగ సెలవులు అయ్యాక స్పానిష్ టౌన్ వెళ్లి మిగతా పుస్తకాలూ చూస్తాను.

సిల్


మిల్‌బ్యాంక్
ఏప్రిల్ 14

సిల్,

'కన్నబిడ్డల్లా'. ఆ మాట కుచ్చుల గౌను పిల్ల అన్నప్పుడు నువ్వు ఏమడిగావో మళ్లీ చదువుకో. నీ మార్చి ఉత్తరంలోనే ఉంది.

వెళ్లు. మూడేళ్లకోసారి యజమానులు లెక్క చెప్పాల్సి వచ్చేది కాబట్టి 1820ది అడుగు. ఎవరు పెరిగారు, ఎవరు తగ్గారు, ఎందుకు తగ్గారు అని రాసి ఉంటుంది. నేను అది చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

చలికోటు పట్టుకెళ్లు. ఆ గదిలో ఏసీ ఎక్కువ.

వినీ


కింగ్‌స్టన్
మే 5

వినీ,

చూశాను.

'తగ్గినవారు: జూబా, 9 ఏళ్లు, మింబా కూతురు. అమ్మకం వలన. కొన్నవారు, పేషెన్స్ హాల్ తోట.'

అంతే. ఒక్క వరస. తొమ్మిదేళ్ల పిల్ల. నువ్వూ నేనూ తొమ్మిదేళ్లప్పుడు ఏం చేస్తున్నాం? మిస్ లాటీ క్లాసులో పలకలు పగలగొట్టుకుంటున్నాం. ఫాల్మత్‌నుంచి పేషెన్స్ హాల్ ఎంత దూరమో నీకు తెలుసు, లాడాలో నలభై నిమిషాలు. ఆ మెరిసే చెక్కనేల, నేను చెప్పులతో టకటకలాడిస్తూ నడిచి ఉపన్యాసం దంచిన నేల, దాన్ని తుడవడానికే కదా ఆ పిల్లని కొన్నారు? కన్నబిడ్డల్ని ఎంతకి అమ్మాడని అడిగాను. అడిగిన నేనే అమ్మినవాళ్ల మనవరాలిని.

పేజీ అడుగున సంతకం. మా ఇంట్లో మూడు తరాలు ఆమె చేతిరాత ఒక్క ముక్కైనా దొరుకుతుందా అని బైబిళ్లు, పెట్టెలు వెతికారు. నాన్న చచ్చేదాకా వెతికాడు. ఇదుగో దొరికింది. పేజీలో ఉన్న అందరి సంతకాలకంటే అందంగా ఉంది. గుండ్రంగా, తీరిగ్గా, చెయ్యి వణక్కుండా.

అక్కడ కూర్చున్న ఆఫీసరు 'మంచినీళ్లు కావాలా అమ్మా' అని రెండుసార్లు అడిగాడట. నాకు వినబడలేదు.

నిర్ణయించుకున్నాను. నెలాఖరు ఆదివారం పేపరుకి పెద్ద వ్యాసం రాస్తున్నాను. 'నేను బానిసల యజమాని రక్తం' అన్నది శీర్షిక. నేను ఎలా మోసపోయాను, నేను ఎలా మోసం చేశాను, నేను జాతికి ఎలా క్షమాపణ చెబుతున్నాను. ఫలకం వద్దంటాను. ఇల్లు కూల్చేయమంటాను. డగ్లస్ హైట్ తన పేజీలో పండగ చేసుకుంటాడు, నాకు తెలుసు. 'చూశారా, నల్లవాళ్లూ కొన్నారు, మరి దొరలనే ఎందుకంటారు' అని ఇరవై ఏళ్లనుంచి ఆ ఒక్క ముక్క కోసమే కాచుకుని ఉన్నాడు. వాడికి జవాబూ ఉంది నా దగ్గర: ఒక ఆడది ఐదుగురిని కొంటే, మూడు లక్షల మందిని తోలినవాళ్ల పాపం చెంచాడైనా తగ్గదు. మనిషిని కొనొచ్చని నేర్పిన బడి ఎవరిది? ఆమె అందులో చదువుకుంది. బాగా చదువుకుంది. నా ఏడుపు అదే.

చిత్తుప్రతి ఇందులో పెడుతున్నాను. చదివి చెప్పు.

సిల్


మిల్‌బ్యాంక్
మే 13

సిల్,

చదివాను. పెన్సిల్ పట్టుకుని చదివాను. 'నేను' అన్న మాట ముప్ఫై నాలుగుసార్లు వచ్చింది. మింబా రెండుసార్లు. జూబా ఒక్కసారి. గ్రేస్, హెక్టర్, ప్రూడెన్స్ అసలు లేరు.

ఇంతకుముందు రోసెటాని నీ జెండా చేసుకున్నావు. ఇప్పుడు మింబాని నీ ఏడుపుకి రుమాలు చేసుకుంటున్నావు. ఆమె ఆ ఇంట్లో ఒకళ్లకి చాకిరీ చేసింది చాలదా? ఇప్పుడు నీకు కూడా చెయ్యాలా?

కోపమొచ్చిందా? రానీ. ఈసారి కారు నీదగ్గరే ఉంది, నేను నా వంటింట్లోనే ఉన్నాను, వదిలేసి వెళ్లలేవు.

ఇల్లు కూల్చితే ఆ ఐదుగురి గుర్తు కూడా కూలుతుంది. వాళ్లు బతికిన చోటంటూ ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. ఇల్లు ఉండనీ. ఫలకం ఉండనీ. రోసెటా చేసింది రాయి, రొట్టెలు అమ్మిందీ రాయి, మనుషుల్ని కొన్నదీ రాయి. కింద ఐదు పేర్లు వెయ్యి. విశేషణం ఒక్కటి కూడా వద్దు. నీకు అది కష్టమని తెలుసు.

కానీ ఇల్లు మెర్టిస్ అత్తయ్యది. ఆవిడ ఊ అనకపోతే గోడకి మేకు కూడా దిగదు. ముందు ఆవిడకి చెప్పాలి. పేపర్లో చదివి తెలుసుకోకూడదు, ఎనభై నాలుగేళ్ల మనిషి.

వినీ


ఫాల్మత్
జూన్ 21

వినీ,

నీ ఉత్తరానికి నెల పైగా జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు. వ్యాసం మాత్రం చింపేశాను. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో నన్నడగకు.

నిన్న పొద్దున అత్తయ్య దగ్గరికి వచ్చాను. వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నీ కాగితం, నా కాగితం రెండూ చదివి వినిపించాను. ఏడుస్తుందేమో, గుండె పట్టుకుంటుందేమో అని పక్కన మంచినీళ్ల గ్లాసు కూడా పెట్టుకున్నాను. ఆవిడ ఒలవడం ఆపలేదు.

'తెలుసు' అంది.

'ఏం తెలుసు అత్తయ్యా?'

'నువ్వు చదివిందంతానూ. మా తాత చెప్పాడు. మేడమీద వెనకగది ఆ ఐదుగురిదీ. వేసవిలో కూడా కిటికీ మూసే ఉంచేవారట.'

'మరి నాన్నకి?' అన్నాను.

'మీ నాన్న చిన్నవాడు. రోసెటా పేరు చెబితే వాడి మొహం దీపంలా వెలిగేది. ఆ దీపం ఎవరు ఆర్పుతారే? నేను ఆర్పలేదు. తరవాత నువ్వు పుట్టావు, నువ్వు దీపం కాదు, కొలిమి. నీకసలు చెప్పలేదు.'

'ముప్ఫై ఒక్క వ్యాసాలు రాశాను అత్తయ్యా! ప్రతిదీ నీకు పంపాను!'

'చదివాను. బాగా రాశావు. అబద్ధమైనా బాగా రాశావు.'

నేను లేచి అరిచాను. వీధిలో చేపలు అమ్మేవాడు ఆగి చూశాడు. ఈ ఇంట్లో పుట్టినవాళ్లంతా దొంగలేనా అన్నాను. ఆవిడ బఠాణీ గిన్నె నా ఒళ్లో పెట్టింది. 'అరుస్తూనే ఒలువు, చేతులు ఖాళీగా ఉన్నాయి' అంది. ఒలిచాను, ఏం చెయ్యను?

ఐదు పేర్లూ ఫలకం మీద వేస్తానన్నాను. వద్దంది. 'నేను పోయాక వేసుకో. ఎన్నాళ్లుంటాను? ఆదివారం చర్చిలో జనం నావైపు తిరిగి చూస్తారు, అది పడలేను.' నేను వాదించాను. నా సంగతి తెలుసుగా, రాత్రి భోజనం దాకా వాదించాను. లాభం లేకపోయింది.

పొద్దున లేచేసరికి సంతకం చేసిన కాగితం కాఫీ కప్పు కింద ఉంది. ఎందుకు మారిందో చెప్పలేదు. 'చదివేటప్పుడు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టు, చెవి సరిగా వినబడదు' అని మాత్రం అంది.

ఇంకేదో దాచిపెట్టింది. మొహంలో కనబడుతోంది. నువ్వు తొమ్మిదేళ్లు దాచినప్పుడు నీ మొహం చూసి ఎందుకు పసిగట్టలేకపోయానో!

ఆగస్టుకి వస్తావా? కారు తాళాలు నీ చేతికిస్తాను.

సిల్


మిల్‌బ్యాంక్
జూలై 2

సిల్,

డ్రైవింగ్ రాని దానికి తాళాలిస్తావు. క్షమించమని అడగడం నీకు ఇంతకంటే చేతకాదని నాకు తెలుసు. సరే, అడిగినట్టే.

రాలేను. మోకాలికి కట్టు కట్టారు, దిగువకి నడవొద్దన్నారు. నువ్వే చూసి నాకు రాయి. నీ అభిప్రాయాలు తీసేసి, జరిగింది రాయి.

డగ్లస్ హైట్ ఏమంటాడోనని పేర్లు ఒక్కటి కూడా తగ్గించకు. వాడు నవ్వుతాడని మనం నోరు మూసుకుంటే, ఆ ఐదుగురి నోళ్లూ మళ్లీ మూసినట్టే.

వినీ


ఫాల్మత్
ఆగస్టు 1, సాయంత్రం

వినీ,

అభిప్రాయాలు తీసేసి రాస్తున్నాను.

నూటేభైమంది వచ్చారు. మంత్రి రాలేదు, తరఫున ఒకాయన వచ్చాడు. డగ్లస్ హైట్ రెండో వరసలో, నోటుబుక్కు తెరిచి. అత్తయ్య ముందు వరసలో, చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని. గుడ్డ తీశారు. నేను చదివాను.

'ఈ ఇల్లు రోసెటా పినక్ కట్టించింది. ఆమె బానిసగా పుట్టి, రొట్టెలు అమ్మి, తన స్వేచ్ఛ కొనుక్కుంది. ఈ ఇంట్లో ఆమెకు బానిసలుగా బతికినవారు: గ్రేస్. హెక్టర్. మింబా. ప్రూడెన్స్. జూబా.'

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోయింది. ఆ పిల్ల పేరు రోసెటా అని తరవాత తెలిసింది. హైట్ చకచకా రాసుకుంటున్నాడు. నేను కిందికి దిగబోతున్నాను.

అత్తయ్య లేచి నిలబడింది. 'ఒకరు తగ్గారు' అంది.

నాకు అర్థం కాలేదు. చెవి వినబడలేదేమో అనుకుని మళ్లీ ఐదుగురినీ చదివాను. 'విన్నానే, చెవిటిదాన్ని కాను. ఒకరు తగ్గారంటున్నా' అంది. ఆ తరవాత జనానికేసి తిరిగింది. ఆదివారం చర్చిలో తనవైపు చూస్తారని భయపడ్డ మనిషి. అందరికీ వినబడేలా చెప్పింది. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను:

'రోసెటమ్మకి పద్దెనిమిది వందల పద్దెనిమిదిలో కొడుకు పుట్టాడు, థామస్. ఆవిడకి పాలు పడలేదు. అదే నెలలో మింబాకి ఆడపిల్ల పుట్టింది. మింబా పాలు థామస్‌కి పట్టించారు. ముందు వాడు తాగాలి, మిగిలితే ఆ పిల్ల. మిగల్లేదు. నాలుగు నెలలు బతికింది. థామస్ పెద్దయ్యాక తన కొడుక్కి, అంటే మా తాతకి చెప్పాడు, ఆయన నాకు చెప్పాడు. ఆ పిల్ల పేరు బెనెబా. తరవాత మింబాని ఎవరు పిలిచినా మూడోసారికి గానీ వినపడేది కాదట. మా ఇంట్లో ఆ మాట అక్కణ్ణుంచి వచ్చింది.'

వినీ, పదిహేడులో ఒకసారి లెక్క రాశారు, ఇరవైలో ఒకసారి. ఆ రెంటి మధ్య పుట్టి పోయింది. అందుకే ఏ పుస్తకంలోనూ లేదు. నువ్వు ఇంకో ఇరవయ్యారేళ్లు వెతికినా దొరికేది కాదు. థామస్ మా తాతకి తాత. ఆ పాలు తాగి బతికినవాడి వంశం మేము. అత్తయ్య, నాన్న, నేను. ఈ చెయ్యి, ఈ ఉత్తరం.

అభిప్రాయాలు రాయొద్దన్నావు. నాదగ్గర ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. పాతికేళ్లలో మొదటిసారి.

హైట్ నోటుబుక్కు మూసేశాడు. ఎందుకో తెలియదు. రేపు వాడు ఏం రాస్తాడో, అసలు రాస్తాడో లేదో కూడా తెలియదు. మంత్రి తరఫు ఆయన 'కార్యక్రమం ముగిసిందా అమ్మా' అని మెల్లగా అడిగాడు. 'ముగియలేదు, ఆ ఫలకం పీకండి' అంది అత్తయ్య. 'ఆరో పేరు లేకుండా నా గోడమీద ఉండడానికి వీల్లేదు.'

పీకారు. పోతపోసిన మిస్టర్ బ్రామ్వెల్ అక్కడే ఉన్నాడు. కంచు కరిగించి మళ్లీ పోస్తాను, దానికేం అన్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి, 'ఆ పేరు ఎలా రాయాలి? అక్షరాలు చెప్పండి' అన్నాడు. అత్తయ్య నావైపు చూసింది. 'నాకు వినడమే తెలుసు. మా తాతకీ వినడమే తెలుసు' అంది. నూటేభైమందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎప్పుడూ ఎవరూ రాయని పేరు కదా, పైన నేను రాసింది కూడా చెవికి తోచినట్టు రాసిందే.

అలాంటి పేర్లు ఆ పుస్తకాల్లో ఎన్నెన్ని రకాలుగా రాసి ఉన్నాయో నీకు తెలుసు. నువ్వే రాయాలి. నీ గుండ్రటి చేతిరాతతో, ఒక్కో అక్షరం విడివిడిగా. బ్రామ్వెల్ నీ కాగితాన్నే అచ్చుగా తీసుకుని పోస్తానన్నాడు. రెండు వారాలు ఆగుతాడు.

తొందరగా పంపు. లోపల అత్తయ్య మంచంమీద పడుకుని ఆ పేరు పైకి అంటూనే ఉంది. ఎందుకత్తయ్యా, కాస్త నిద్రపో అంటే, ఇన్నేళ్లు మనసులో పెట్టుకుంది బయటికి పోయింది, ఇప్పుడు మరిచిపోతానేమోనని భయంగా ఉంది అంటోంది.

సిల్